పెళ్లికి రెండు రోజుల ముందు మదురైలో

మదురై మీనాక్షి అనగానే అందరికీ కల్యాణమే గుర్తొస్తుంది. టీవీల్లో చూపించేది అదే, ఊళ్ల నుంచి బస్సులు కట్టుకుని జనం వచ్చేదీ దానికే. కానీ తమిళుల మొదటి నెల చిత్తిరైలో ఆ ఊళ్లో జరిగే ఉత్సవాన్ని నాలుగుసార్లు చూసినవాళ్లకి అసలైన సాయంత్రం దానికి రెండు రోజుల ముందే వచ్చి వెళ్లిపోతుంది. ఉత్సవం ఎనిమిదో రోజు, దీపాలు పెట్టే వేళ దాటాక, అమ్మవారి సన్నిధి ముందున్న ఆరుకాళ్ల పీఠంలో మీనాక్షమ్మకి కిరీటం పెడతారు. చేతికి రాజదండం ఇస్తారు. అప్పటి నుంచి మదురైకి ఆవిడే రాణి. పెళ్లి ఆ తర్వాత సంగతి.

మన భద్రాచలం పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ నవమి నాడు కల్యాణం, మర్నాడు దశమికి మహాపట్టాభిషేకం. కిరీటం రాముడికి, పక్కన సీతమ్మ. మదురైలో వరసే వేరు. ముందు పట్టాభిషేకం, అదీ పెళ్లికూతురికి. మర్నాడు దిగ్విజయం, అంటే యుద్ధయాత్ర. ఆ మర్నాడు పొద్దున కల్యాణం. స్థలపురాణం నడిచేదీ ఇలాగే. మలయధ్వజ పాండ్యుడూ కాంచనమాలా పిల్లల కోసం యాగం చేస్తే హోమగుండంలోంచి ఆడపిల్ల వచ్చింది, మూడు స్తనాలతో. కాబోయే భర్త కనపడగానే మూడోది మాయమవుతుందని ఆకాశవాణి చెప్పింది. ఆ తటాతకని, అంటే మీనాక్షిని, మగపిల్లాడిలాగే విద్యలన్నీ నేర్పి పెంచి, రాజ్యం ఆమెకే ఇచ్చారు. ఆమె దిక్కులన్నీ గెలుచుకుంటూ కైలాసం దాకా వెళ్లింది. అక్కడ శివుణ్ణి చూసింది. ఎనిమిదో, తొమ్మిదో, పదో రోజుల ఉత్సవాలు ఈ కథనే వీధుల్లో జరిపి చూపిస్తాయి. పదో రోజు ఒక్కటే చూసి వచ్చేసినవాళ్లు పెళ్లికూతురిని చూస్తారు గానీ రాణిని చూడరు.

పన్నెండు రోజుల ఈ ఉత్సవం జెండా ఎక్కించడంతో మొదలవుతుంది. దాన్ని అక్కడి తెలుగిళ్లలో కూడా కొడియేట్రం అనే అంటారు. మన ఉగాది చంద్రుణ్ణి బట్టి వస్తుంది, వాళ్ల చిత్తిరై సూర్యుణ్ణి బట్టి ఏప్రిల్ 14 ప్రాంతంలో మొదలవుతుంది. ఉత్సవాన్ని చిత్రా పౌర్ణమికి అందేలా లెక్క కట్టుకుంటారు గనక పట్టాభిషేకం ఏటా ఒకే తేదీన రాదు. 2023లో ఏప్రిల్ 30న, 2024లో ఏప్రిల్ 19న, 2025లో మే 6న జరిగింది. ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం దాకా ఎప్పుడైనా రావచ్చు. ఆలయం ప్రకటన చూడకుండా పోయినేడాది తేదీతో రైలు టికెట్టు చేయించుకుంటే దెబ్బతింటారు. గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువుంది. కల్యాణం తేదీ ఎలాగూ పేపర్లలో ముందే వస్తుంది. అందులోంచి రెండు రోజులు తీసేస్తే చాలు.

ఇక పూల సంగతి. పట్టాభిషేకం రోజు అమ్మవారి మెడలో వేపపూల దండ వేస్తారు. పాండ్యుల కులపుష్పం వేప. చోళులకి ఆరె, చేరులకి తాటి, పాండ్యులకి వేప. ఉగాది పచ్చడిలో చేదు కోసం మనం వేసుకునే పువ్వే అక్కడ రాజముద్ర. ఉగాదికి వేపపువ్వు ఏరి దాచుకునే తెలుగింటి ఆడవాళ్లు, కొన్ని వారాలకే అదే పువ్వు రాణి మెడలో చూసి ఒక్క క్షణం ఆగిపోవడం ఆ ప్రాకారాల్లో ఎన్నోసార్లు కనిపించే దృశ్యం.

వేపపూల దండ కట్టడం తేలిక కాదు. చెట్టు మీద ఎంత నిండుగా ఉన్నా, కోసిన నాలుగైదు గంటలకే పూత రాలడం మొదలెడుతుంది. విడి పూలు గుచ్చడానికి పనికిరావు, సూది తగిలితే రెక్కలు ఊడిపోతాయి. అందుకని గుత్తులుగా, కాడతో సహా, జానెడు పొడవున తుంచాలి. ఎండెక్కక ముందే కోసి, తడిపి పిండిన నూలుగుడ్డలో చుట్టి నీడన పెట్టాలి. వాడిపోతుందేమోనని నీళ్లలో ముంచితే పూత నల్లబడి చేతిలోనే జారిపోతుంది. అరటినార ముందు రాత్రే నానేసి, సన్నగా చీల్చి ఉంచుకోవాలి. ఆరేడు గుత్తులు కలిపి ఒక కట్ట. కట్టకీ కట్టకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉంటే మూరకి పన్నెండు పదమూడు కట్టలు పడతాయి. ముడి కాడ మీద పడాలి, పూత మీద పడకూడదు. గట్టిగా లాగితే లేత కాడ తెగిపోతుంది, వదులుగా వదిలితే దండ ఎత్తగానే కట్టలన్నీ కిందికి జారి ఒకచోట కుప్పపడతాయి. కట్టడం పూర్తయ్యాక అరటాకు మీద పొడవుగా పరిచి తీసుకెళ్లాలి, చుట్టచుట్టి బుట్టలో వేస్తే సగం పూత బుట్టలోనే ఉంటుంది. ఉత్సవం మేలోకి జరిగిన ఏడు లేత పూత దొరకడం కష్టం. అప్పటికి చాలా చెట్లు పిందెల మీద ఉంటాయి. ఆలస్యంగా పూసే చెట్లు ఎక్కడున్నాయో ముందే చూసి పెట్టుకోవాలి.

మల్లెది ఇంకో లెక్క. మదురై మల్లెకి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, ఆ ఊరికి ఆ గుర్తింపు ఎప్పటి నుంచో ఉంది. మొగ్గలు తెల్లవారుజామునే, ఇంకా బిగిసి ఉండగానే కోస్తారు. అవి సాయంత్రం దీపాలవేళకి విచ్చుకోవడం మొదలుపెడతాయి. పట్టాభిషేకం ముహూర్తం దాదాపు ఏడూ ఎనిమిది మధ్య పడుతుంది. అంటే పొద్దున మూరలెక్కన కొని జడలో పెట్టుకున్న మొగ్గలన్నీ సరిగ్గా కిరీటం పెట్టే వేళకి విచ్చుకుంటాయి. ఆ ప్రాకారంలో నుంచున్నవాళ్లకి ముందు కనపడేది దీపాలు కాదు, వాసన. కర్పూరం, నూనె, చెమట, వాటన్నిటి మీదా మల్లె.

అలంకారం మధ్యాహ్నమే మొదలవుతుంది. పట్టాభిషేకం జరిగేది ఉత్సవమూర్తికి. ఉత్సవ విగ్రహాల అలంకారం తెలిసినవాళ్లు ముందు చూసుకునేది బరువు. పట్టుచీర మడతలు నడుం దగ్గర దారంతో బిగించి, లోపల మెత్తటి నూలుగుడ్డ చుట్టి, దాని మీద నగలు కడతారు. బరువైన దండలు ముందు, తేలికవి పైన. వరస తప్పితే పై దండ కింది దాన్ని నలిపేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం తల మీద ఖాళీ. కిరీటం ముహూర్తానికే ఎక్కాలి. అది కూర్చునే చోటు ముందే సిద్ధంగా, ఏ పూలచెండూ అడ్డురాకుండా ఉండాలి. శుభఘడియ చిన్నది. 2023లో ప్రకటించింది సాయంత్రం 7:05 నుంచి 7:29 దాకా, అంటే ఇరవై నాలుగు నిమిషాలు. అంతలో పూజ, కిరీటధారణ, దండం ఇవ్వడం, హారతి, అన్నీ అయిపోవాలి. దండలు సర్దుకుంటూ కూర్చోవడానికి అందులో సమయం లేదు.

ఆ కిరీటం పేరు రాయర్ కిరీటం. పేరులోనే రాయలున్నాడు. ఆరుకాళ్ల పీఠంలో అమ్మవారిని కూర్చోబెట్టి, మంత్రపూజ అయ్యాక, మంగళవాద్యాలు ఒక్కసారిగా జోరందుకుంటాయి. కిరీటం పెడతారు. తలకి చుట్టే మర్యాదవస్త్రం, పరివట్టం, కడతారు. వేపపూల దండ వేస్తారు. ఆ తర్వాత రత్నాలు పొదిగిన సెంగోలు, అంటే రాజదండం, చేతికిస్తారు. దీపారాధన. సన్నిధిలో నుంచున్నవాళ్లు కిరీటం పెట్టగానే అయిపోయిందనుకుని వెనక్కి తిరిగేస్తారు. చాలామంది చేసే పొరపాటు ఇదే. అసలు చూడాల్సింది ఆ తర్వాతే ఉంది.

అమ్మవారి చేతిలో పెట్టిన ఆ సెంగోలుని మళ్లీ ఆవిడ చేతిలోంచే తీసుకుని ధర్మకర్తల మండలి పెద్దకి, మండలి లేని కాలంలో తక్కార్‌కి, అంటే ప్రభుత్వం నియమించిన నిర్వాహకుడికి, అందిస్తారు. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, మేళతాళాలతో స్వామి సుందరేశ్వరుడి సన్నిధి రెండో ప్రాకారం చుట్టి వస్తాడు. వచ్చి మళ్లీ అమ్మవారి చేతికే అప్పగిస్తాడు. రాజ్యం ఆవిడది, ఆవిడ పేరు మీద నడిపేవాడు ఇంకొకడు, నడిపి తిరిగి అప్పజెప్పాలి. ఒక రాజ్యాంగం మొత్తాన్ని పది నిమిషాల నడకలో చూపిస్తారు. ఈ తంతు చూడాలంటే అమ్మవారి సన్నిధిలో తోసుకోవడం కంటే స్వామి సన్నిధి ప్రాకారంలో ఒక స్తంభం పక్కన ముందే చోటు చూసుకోవడం మంచిది. దండం కళ్లముందు నుంచే వెళ్తుంది.

పాత రోజుల్లో దండం పట్టుకుని తిరిగింది నాయక రాజులే. ఇక్కడే మన సంబంధం ఉంది. మదురై నాయకులు తెలుగువాళ్లు. 1623 నుంచి 1659 దాకా ఏలిన తిరుమల నాయకుడే మాసి నెలలో జరిగే ఉత్సవాన్ని చిత్తిరైకి మార్చాడని, అళగర్‌కోయిల్ విష్ణువు వైగై నదికి వచ్చే అళగర్ ఉత్సవంతో కలిపాడని చెబుతారు. ఊళ్లో వీధులు ఇప్పటికీ దానికి సాక్ష్యం. గుడి చుట్టూ ఒకదాని వెలపల ఒకటిగా ఆడి, చిత్తిరై, ఆవణిమూల, మాసి వీధులు, నెలల పేర్లతో. ఏ నెల ఉత్సవం ఆ నెల పేరున్న వీధిలో జరగాలి. కానీ చిత్తిరై ఉత్సవం చిత్తిరై వీధుల్లో కాకుండా మాసి వీధుల్లో తిరుగుతుంది. పేరుకీ నెలకీ పొసగని ఆ ఒక్క చోటే తిరుమల నాయకుడి నిర్ణయం ఇంకా బతికుంది. గుడిలోని ఊంజల్ మండపం పైకప్పు బొమ్మల్లో ఇంకో సాక్ష్యం ఉంది. పట్టాభిషిక్తురాలైన మీనాక్షి దగ్గర్నుంచి రాణి మంగమ్మాళ్ రాజదండం అందుకుంటున్న చిత్రం. 1689 నుంచి మనవడి తరఫున రాజ్యం నడిపిన మంగమ్మ, దేవత చేతిలోంచి వచ్చిన దండం వైపు చేయి చాపి నుంచుంటుంది. గుడికి వెళ్లినప్పుడు ఒక్కసారి తల పైకెత్తి చూడండి. అంత దూరం వెళ్లి చాలామంది అది చూడకుండానే వచ్చేస్తారు.

పట్టాభిషేకం అయ్యాక రాణి ఊరు చూడ్డానికి బయల్దేరుతుంది. వెండి సింహాసనం మీద, నాలుగు మాసి వీధులూ. మిగతా రోజుల వాహనాలు, కల్పవృక్షం, సింహం, కామధేనువు, బంగారు గుర్రం, యాళి, అన్నీ అందమైనవే. కానీ ఎనిమిదో రాత్రి వీధిలో నుంచున్న జనం ముఖాలు వేరుగా ఉంటాయి. వచ్చేది దేవత మాత్రమే కాదు, ఆ ఊరి ప్రభువు. మాసి వీధుల్లో గుమ్మాల ముందు కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, దారి తుడిచిపెట్టేవాళ్లు. దివిటీలు ముందొచ్చేవి, ఆ వెనక నాదస్వరం, తవిల్. పిల్లల్ని అరుగుల మీద నుంచోబెట్టేవాళ్లు. అరుగులు పోయి షట్టర్లు వచ్చాక పిల్లలు భుజాల మీదకెక్కారు.

దారి పొడుగునా చలివేంద్రాలు. వాటిల్లో మజ్జిగ ఎప్పుడూ ఒకేలా ఉండదు, అది కలిపే చేతిని బట్టి ఉంటుంది. ఐదు లీటర్ల పెరుగుకి ఇరవై లీటర్ల నీళ్లు, అప్పుడు నూటపాతిక గ్లాసులు వస్తాయి. పెరుగు ముందు నీళ్లు లేకుండా చిలకాలి, ఆ తర్వాతే నీళ్లు, లేకపోతే పలుకులు తేలతాయి. ఇరవై పచ్చిమిరపకాయలు, వంద గ్రాముల అల్లం కచ్చాపచ్చాగా దంచి, కరివేపాకు, ఇంగువనీళ్లు కలిపి వేయాలి. నూట ఇరవై గ్రాముల ఉప్పు మాత్రం ఆఖర్న, పంచే ముందు.  కళాయి లేని ఇత్తడి గుండిగలో కలిపితే చిలుము రుచి పట్టుకుంటుంది. మట్టికుండలో పోస్తే ఆ బాధ లేదు, చల్లగానూ ఉంటుంది. పానకమైతే పది లీటర్లకి రెండు కిలోల బెల్లం. కరిగించి గుడ్డలో వడకట్టడం మరిచిపోతే గ్లాసు అడుగున ఇసక తగులుతుంది. ఇచ్చేవాళ్లు గ్లాసు నింపి రెండు చేతులతో ఇస్తారు. మదురై ఎంత మారినా ఇది మారలేదు.

మారినవి లేకపోలేదు. గుడి ఎదురుగా ఉన్న పుదుమండపం, తిరుమల నాయకుడు వసంతోత్సవం కోసమే కట్టించిన మండపం, వైకాశి నెలలో స్వామీ అమ్మవారూ చల్లదనానికి వచ్చి కూర్చునే చోటు. దాని స్తంభాల మధ్య గాజులవాళ్లు, ఇత్తడి సామాన్లవాళ్లు, పుస్తకాలవాళ్లు, వరసగా కుట్టుమిషన్లు ఉండేవి. చిత్తిరై నెలంతా ఆ మిషన్లకి నిద్ర ఉండేది కాదు. పట్టాభిషేకం రోజుల్లోనే అక్కడ అళగర్ పండగ బట్టలు కుట్టించుకోవాల్సి వచ్చేది. వైగై ఒడ్డున అళగర్ మీద తోలుతిత్తులతో నీళ్లు చల్లే భక్తుల కోసం జిగేలుమనే టోపీలు, లాగులు, వెల్వెట్ అంచులు. కుట్టేవాళ్లలో చాలామంది ముస్లిం దర్జీలు, తరాలుగా అదే పని. మెడ, నడుం, లాగు పొడవు, మూడు కొలతలు తీసుకుని చీటీ ఇచ్చేవాళ్లు. చివరి రెండు రోజుల్లో వెళ్తే ఒప్పుకునేవాళ్లు కాదు. ఆ దుకాణాలన్నిటినీ ఈమధ్య పక్కనే కున్నత్తూర్ సత్రం కొత్త భవనంలోకి మార్చారు. మండపానికి అది మంచిదే. రాయి ఊపిరి పీల్చుకుంటుంది, నాయక రాజుల విగ్రహాలు మళ్లీ కనపడుతున్నాయి. అయినా ఆ మిషన్ల చప్పుడు తెలిసిన చెవులకి ఆ ఖాళీ ఖాళీగానే ఉంటుంది.

గుడి లోపల దుకాణాలు కూడా పోయాయి. 2018 ఫిబ్రవరి 2 రాత్రి వీరవసంతరాయ మండపంలో అగ్నిప్రమాదం జరిగింది, పైకప్పు కూలింది. ఆ తర్వాత దుకాణాలు తీసేశారు, సెల్‌ఫోన్లు లోపలికి రానివ్వడం ఆపేశారు. పట్టాభిషేకానికి ఇది ఒకవిధంగా మేలే చేసింది. కిరీటం పెట్టే వేళ ముందున్నవాళ్ల చేతులు ఇప్పుడు ఫోన్లు ఎత్తవు, నమస్కారానికి లేస్తాయి. కొత్తగా వెళ్లేవాళ్లు ఫోన్, చెప్పులు బసలోనే వదిలేసి వెళ్తే బయట లైన్లో గంట కలిసొస్తుంది. ఐదింటికల్లా లోపల ఉండాలి. ఆరున్నర తర్వాత అమ్మవారి సన్నిధి వైపు అడుగు పడదు.

ఎన్నికలు కూడా ఈ పండగ మీద పడిన ఏళ్లున్నాయి. 2019లో రథోత్సవం రోజే పోలింగ్ వస్తే, మదురై నియోజకవర్గంలో ఓటు వేసే సమయాన్ని రాత్రి 8 దాకా పొడిగించారు. 2024లో సరిగ్గా పట్టాభిషేకం రోజే పోలింగ్. పగలు జనం వేలి మీద సిరా వేయించుకుని, సాయంత్రం రాణికి కిరీటం పెట్టడం చూడ్డానికి వచ్చారు. 2020లో మాత్రం కరోనా వల్ల ఉత్సవం ఆగిపోయింది. కల్యాణం ఒక్కటి, భక్తులు లేకుండా, లోపల జరిపారు. ఆ ఏడు మాసి వీధుల్లో వెండి సింహాసనం తిరగలేదు. ఇళ్లలో టీవీ ముందు తాళిబొట్టు తాడు మార్చుకున్న ఆడవాళ్లు ఆ సంవత్సరాన్ని ఇంకా వేరుగా లెక్కపెట్టుకుంటారు.

మర్నాటి దిగ్విజయానికి వాహనం ఇంద్రవిమానం. అర్చకుల ఇంటి పిల్లలే అమ్మవారి వేషం, స్వామి వేషం కట్టి ఎదురెదురుగా నిలబడతారు, బాణాలు వేసుకుంటారు. దిక్పాలకులు ఓడిపోతారు, నంది ఓడిపోతాడు, ఆఖర్న స్వామి ఎదురుపడితే విల్లు దిగిపోతుంది. చిన్నపిల్ల చేతిలో విల్లు నిజంగానే బరువుగా ఉంటుంది గనక, దించే ఆ క్షణం ఏటా సహజంగా కుదురుతుంది. ఆ తర్వాత కల్యాణం, తిరుప్పరంకుండ్రం నుంచి అమ్మవారి అన్న, విష్ణువైన పవళక్కనివాయ్ పెరుమాళ్ కన్యాదానానికి రావడం, పదకొండో రోజు తేర్లు. ఇవన్నీ లోకానికి తెలిసినవే.

లోకానికి అంతగా తెలియనిది పెళ్లి తర్వాత కూడా కిరీటం ఆవిడదేనని. చిత్తిరై, వైకాశి, ఆని, ఆడి, నాలుగు నెలలూ మదురై మీనాక్షిదే. ఆడిలో ముళైక్కొట్టు ఉత్సవం పది రోజులూ అమ్మవారొక్కరికే జరుగుతుంది, స్వామి రాడు. ఆవణి మూలం పండగలో సుందరేశ్వరుడికి పట్టాభిషేకం చేస్తారు, మిగతా ఎనిమిది నెలల పాలన ఆయనది. సెంగోలు చేతులు మారే ఆ వేళకి వేపచెట్ల కింద పళ్లు కూడా రాలిపోయి, గింజలు ఏరుకునేవాళ్లు ఏరుకుపోయి ఉంటారు.